కనుమలో ఒక్కటే దీపం

అక్కడ మౌక్తికపురంలో రాజవైద్యులు నిద్రలేవని రాకుమారి మంచం చుట్టూ చేరి, ఒకరి కషాయాన్ని ఒకరు తప్పుపట్టుకుంటున్న ఆ సాయంకాలమే, ఇక్కడ కందళగిరి మీద అడవి పండగకు ముస్తాబవుతోంది.

పడమటి కొండకొమ్ము మీద సూర్యుడు కాసేపు తటపటాయించి దిగిపోయాడు. ఆయన వెళ్ళేదాకా ఆగినట్టు మద్దిచెట్ల బోదెల మీద నీలిచీకటి పాకింది. పొగడపూలు రాలి నేల మెత్తబడింది. వెదురుపొదలు ఒకదాన్నొకటి రాసుకుని కిర్రుమన్నాయి. లోయలో ఒక సెలయేరు, వినేవాళ్ళున్నా లేకపోయినా, తన మాట తాను చెప్పుకుపోతోంది. అడవిమల్లెల వాసన, ఇప్పపువ్వు వాసన, తడిరాళ్ళ వాసన కలిసి గాలి బరువెక్కింది.

ఏడాది పొడుగునా ఆ అడవిలో మనిషి నడిచే దారి ఉండదు. ముళ్ళతీగలు అల్లుకుపోయి, పులి కూడా ఒళ్ళు గీరుకోకుండా పోలేదు. గూడుదీపాల జాతర రాత్రి మాత్రం, దీపం పట్టుకున్న మనిషి అడుగు పెడితే తీగలు వాటంతటవే పక్కకు తొలగుతాయి. దీపం లేనివాడికి తొలగవు. వాడు రాజైనా సరే. కొండ అవతలి పల్లెల జనం పశువుల బాట వెంట కిందికి దిగి వచ్చి, ఈ అడవిలోంచి దీపాలతో పైకెక్కి ఇళ్ళకు చేరుకోవడమే జాతర. ఇంటికి దగ్గరి దారి ఉండగా ఇంత తిరుగుడెందుకని వాళ్ళను ఎవరూ అడగలేదు. అడిగినా చెప్పేవాళ్ళు కారు.

కొండ కింద గుమిగూడిన జనంలో ఒక నూనె వర్తకుడూ, వాడి ముసలితల్లీ ఉన్నారు. వర్తకుడి పేరు ఆ పూటకి పోలయ్య. అసలు పేరు విభాతవర్మ, మౌక్తికపురం యువరాజు. తల్లి వేషంలో ఉన్నది, అతన్నీ అతని చెల్లెలు కుముదినినీ చేతుల మీద పెంచిన దాది చెంగలవ. ఇన్నేళ్ళుగా "ప్రభూ, ప్రభూ" అని అలిసిపోయిన ఆ నోటికి "ఒరేయ్" అనే అవకాశం దొరికింది. ఆమె దాన్ని ఏమాత్రం వృథా చేయడం లేదు.

"ఒరే పోలిగా, కావిడి అలా కుదేస్తే కుండలు పగిలి చావవూ! దించడం కూడా నేనే నేర్పాలా?"

"చెంగలవా, మన మాటలు వినేంత దగ్గర్లో ఎవరూ లేరు," అన్నాడు యువరాజు పళ్ళ బిగువున.

"వచ్చేదాకా అలవాటు చేసుకోవద్దూ?"

అలవాటు ఆమెకు ఎప్పుడో అయిపోయింది. అతనికే కాలేదు.

ధూమ్రజటుడనే మాంత్రికుడు కిందటి అమావాస్యనాడు కుముదిని ప్రాణాన్ని ఒక దీపశిఖగా తీసి, ప్రమిదలో పెట్టుకుని పారిపోయాడు. ఈ రాత్రి ఆ శిఖను కందళగిరి శిఖరం మీది గుహలో తన హోమగుండంలో కలిపాడంటే ఆమె ఆయుష్షంతా వాడిదైపోతుంది. ఆ గుహకు ఈ అడవిలోంచి తప్ప మరో దారి లేదు. గాలిలో ఎగిరిపోదామన్నా, ఎగిరితే దీపం ఆరుతుంది. అది ఆరిన క్షణమే ఆమె ప్రాణమూ పోతుంది. వాడికీ లాభం లేదు. అందువల్ల ధూమ్రజటుడంతటివాడు కూడా జనంతోపాటు కాలినడకన కొండెక్కక తప్పదు.

విభాతవర్మ కష్టం కూడా అదే. వాడి మీద కత్తి దూయడానికి లేదు, బాణం వేయడానికి లేదు, కనీసం దగ్గర నుంచుని గట్టిగా తుమ్మడానికి లేదు. ముగ్గురు గురువుల దగ్గర నేర్చిన యుద్ధవిద్య మొత్తం నూనెకుండల మధ్య గోనెలో చుట్టి పెట్టిన కత్తితోపాటు విశ్రాంతి తీసుకుంటోంది.

చెంగలవ నూనె పంచడానికి జనంలోకి వెళ్ళింది. చీకటి పడింది. అందరి చేతుల్లోనూ గూడుదీపాలు. వెదురుబద్దల గూడు, చుట్టూ చెట్టుబెరడు నుంచి ఒలిచిన పలుచని పొర, లోపల మట్టిప్రమిద, పైన పట్టుకోవడానికి ఒక వంపుకర్ర. విభాతవర్మ చేతిలోనూ ఒకటుంది. మొలలో చెకుముకిరాయి కూడా ఉంది. అయితే పుట్టి బుద్ధెరిగాక అతను ఒక్క దీపమైనా స్వయంగా వెలిగించి ఎరగడు. చీకటి పడుతుంది, దీపాలు వెలుగుతాయి. మధ్యలో ఎవరో ఏదో చేస్తారని అతనికి చూచాయగా తెలుసు, అంతే.

చేసేది లేక వెలగని దీపం పట్టుకుని బాట పక్కన నిలబడ్డాడు.

అతని ముందే పట్టుశాలువా కప్పుకున్న పొరుగుదేశపు షావుకారొకడు చెకుముకి తీసి టకటక కొట్టి దీపం వెలిగించుకున్నాడు. మరుక్షణం ఇద్దరు పెద్దమనుషులు వచ్చి, చిరునవ్వుతో, ఆ దీపంలో చెంబెడు నీళ్ళు పోశారు. "మళ్ళీ ఏడాది రండి బాబూ," అని అంతే మర్యాదగా అతన్ని వెనక్కి తిప్పి పంపేశారు. షావుకారు తన దేశం పేరు, తాత పేరు, ఆస్తి వివరాలు చెప్పుకుంటూ చీకట్లో కలిసిపోయాడు.

"యేటి బాబూ, అలాగ నిలబడిపోనావు?"

తల తిప్పి చూస్తే నడివయసు దాటిన కొండమనిషి, ముక్కున అడ్డబాసలనే మూడు పోగులు, చేతిలో వెలిగే దీపం. గంగులమ్మట. అవతలి వైపు మొదటి పల్లె వాళ్ళది.

"మొల్లో సెకుముకిరాయి ఉండి కూడా ముట్టలేదు నువ్వు. సూస్తూనే ఉన్నాను. మంచి మర్యాదెరిగిన బిడ్డవి. ఎవురు పెంచినారో గానీ."

"నేనే పెంచాను," అంది చెంగలవ, సరిగ్గా ఆ మాటకే వెనక్కి వచ్చి.

అప్పుడు తెలిసింది ఆచారం. జాతర రాత్రి ఈ కొండ మీద ఎవరి దీపం వాళ్ళు వెలిగించుకోరాదు. ఒకరిది ఒకరు వెలిగించాలి. ఆరిపోతే అడగకూడదు, పక్కన నిలబడాలి. చూసినవాళ్ళు ఇవ్వాలి. కాదనడానికి వీల్లేదు. ఇంకొకటి, ఎవరూ తమ దీపాన్ని తమకోసం మోయరు. ఇంట్లోనో ఊళ్ళోనో ఉన్న మరొకరి పేరున మోస్తారు. నిప్పు ఇచ్చేవాళ్ళూ పుచ్చుకునేవాళ్ళూ ఆ పేర్లు పైకి చెప్పాలి.

"ఇది మా కోడలు నీలాలు పేరున. నీళ్ళోసుకుంది," అంటూ గంగులమ్మ తన ప్రమిద ముందుకు వంచింది. "నీదెవురి పేరున?"

"చెల్లెలి పేరున. పేరు..." అనేలోపల చెంగలవ అతని కాలు తొక్కింది. మాంత్రికుడి చెవులు ఎంత పొడుగో ఎవరికి తెలుసు! "పేరు చిట్టి," అన్నాడు విభాతవర్మ.

ఒత్తికి ఒత్తి తగిలింది. అంటుకోలేదు. నూనెలో నానిన కొత్త ఒత్తి, గాలి లేదు, అయినా అంటుకోలేదు.

గంగులమ్మ అతని మొహంలోకి చూసింది. "దొంగపేరుకి ఈ కొండ మీద ఒత్తి అంటుకోదు బాబూ."

అతను వంగి ఆమె చెవిలో అసలు పేరు చెప్పాడు. ఒత్తి భగ్గున వెలిగింది. దాంతో అతను చెంగలవ దీపానికీ నిప్పిచ్చాడు.

జనం కదిలారు. విభాతవర్మ కావిడి అక్కడే వదిలి, కత్తి ఉన్న గోనెమూట మాత్రం భుజాన వేసుకున్నాడు. ముందువాళ్ళు అడుగు పెట్టగానే తీగలు నిట్టూర్చినట్టు విడిపోయాయి. ఒక్కొక్క దీపమే అడవిలోకి దూరుతుంటే, కింద నుంచి చూసేవాళ్ళకు నల్లని పట్టుచీర మీద ఎవరో నింపాదిగా జరీ కుడుతున్నట్టుంది. చెట్ల మొదళ్ళ నీడలు బాటకు అడ్డంగా పడి, దీపం దాటగానే పక్కకు తప్పుకుని, వెనక దీపం కోసం మళ్ళీ వచ్చి పడుకుంటున్నాయి. మిణుగురులు కూడా తమను లెక్కలోకి తీసుకోమన్నట్టు వెంటబడ్డాయి. ఎవరూ గట్టిగా మాట్లాడటం లేదు. మాట్లాడితే పిల్లల పెళ్ళిళ్ళు, పశువుల ఈతలు, ఎవరి ఇంట్లో కొత్త కుండ చిట్లిందో, అవే.

మొదటి మలుపు తిరగగానే చెంగలవ గొంతు తగ్గించింది. "ప్రభూ, పైకి చూడకండి."

బాట మీదికి వంగిన కొమ్మ మీద ఒక గుడ్లగూబ కూర్చుని ఉంది. ఒంటి నిండా ఈకలే గానీ కళ్ళు మాత్రం మనిషివి. కింద నడిచే ఒక్కొక్క మొహం మీదా ఆ కళ్ళు ఆగి, పరిశీలించి, దాటుతున్నాయి. ధూమ్రజటుడి కాపలా! నలుగురు దాటారు. ఇంకో ఇద్దరు దాటారు. గుడ్లగూబ చూపు విభాతవర్మ నుదుటి మీద పడింది.

ఛెళ్ళుమంది చెంప.

"ఎన్నిసార్లు చెప్పానురా దీపం తిన్నగా పట్టుకోమని! నూనె అంతా ఒలకబోస్తున్నావ్. కొనేవాడెవడు, నీ మామా? పాతికేళ్ళొచ్చాయి, బుద్ధి రాలేదు. నిన్ను నమ్ముకుని పిల్లనెవరిస్తారు?"

చెంప పట్టుకుని తల దించుకున్న వర్తకుడిలో రాచకళ ఏ కోశానా కనబడలేదేమో, గుడ్లగూబ విసుగ్గా తల అటు తిప్పేసుకుంది. వెనకనున్న ఆడవాళ్ళు మాత్రం ఎంతో మెచ్చుకున్నారు.

"దెబ్బ కొంచెం గట్టిగా తగిలింది," అన్నాడు విభాతవర్మ, మలుపు దాటాక.

"నమ్మాలి కదా ప్రభూ," అంది చెంగలవ వినయంగా.

తరవాత పాకుడు పట్టిన మానువంతెన ఒకటి వచ్చింది. కింద లోయ. ఒక్కొక్కరే దాటాలి. యువరాజు సగం దాటాక వంతెన కింది నుంచి ఎలుగుబంటి ఒకటి పంజా చాచింది. ముందే దాటిన గంగులమ్మ వెనక్కి తిరిగి, "ఏయ్, పో," అంది. అది పోయింది. పక్కింటి గేదెను అదిలించినట్టే ఉంది ఆమె గొంతు. అతను గోనెలోని కత్తివైపు చాచిన చెయ్యి వెనక్కి తీసుకుని, ఏమీ ఎరగనట్టు నడిచాడు.

బాట నిట్టనిలువుగా మారేసరికి గంగులమ్మ గొణుగుడు మొదలుపెట్టింది. "ఆ ముందర పోతన్న ముసిలాయన్ని సూడమ్మా. తెల్లగడ్డం, కాషాయం. దీపం ఎలిగించుకునే వచ్చినాడు. ఎవురిచ్చినారయ్యా నిప్పు అంటే పలకడు. నీళ్ళు పోద్దామంటే పెద్దోడని మావోళ్ళు మొగమాటపడినారు. ఎడంచెయ్యి సూడు, దీపం మీద అలాగ గొడుగులాగ పట్టుకునే ఉన్నాడు కింద నుంచీ. నెప్పెట్టదేటి?"

విభాతవర్మ చూశాడు. అప్పుడే కొండ మీంచి చల్లగాలి ఒక తెర దిగింది. బాట మీది దీపాలన్నీ కిందికి, వెనక్కి వాలాయి. ముసలాయన దీపం కూడా వాలింది, కానీ గాలి వాటానికి కాదు. అందరి దీపాలూ నిటారుగా లేచాక కూడా అది వెనక్కి, అతనివైపే ఒరిగి ఉంది. చిన్నప్పుడు ఉరిమినప్పుడల్లా అన్న భుజం మీదికి ఒరిగిపోయేది కుముదిని. అచ్చం అలాగే.

"చెంగలవా," అన్నాడు.

"చూశాను," అంది ఆమె. ఆ ఒక్కసారికి ఒరేయ్ అనలేదు, ప్రభూ అనలేదు.

పైన కనుమ వచ్చింది. రెండు బండల మధ్య సన్నని సందు, జనమంతా బారుగా అందులో ఇరుక్కుని నిలబడ్డారు. అవతలి మూతికి ముళ్ళతీగలు అడ్డంగా అల్లుకుని ఉన్నాయి. ఏటేటా ఇక్కడే కొండ ఒక్కసారి ఊపిరి వదులుతుందట. ఆ గాలికి దీపాలన్నీ ఆరిపోతాయి. ఏ ఒకటో రెండో మిగులుతాయి. మిగిలినవాళ్ళు పక్కవాళ్ళకిచ్చి, వాళ్ళు పక్కవాళ్ళకిచ్చి, చిట్టచివరి దీపం వెలిగేదాకా ఆ తీగలు దారివ్వవు.

గాలి వచ్చింది. ఈల లేదు, హోరు లేదు. పెద్ద జంతువేదో పక్కకు ఒత్తిగిల్లి నిట్టూర్చినట్టు వచ్చి వెళ్ళింది. కొండ పొడుగునా దీపాలు ఒక్క పెట్టున నల్లబడ్డాయి.

ఒక్కటి తప్ప.

ముసలాయన ఎడంచేతి కింద శిఖ చెక్కుచెదరలేదు. చుట్టూ కాటుకలాంటి చీకటి, మధ్యలో ఆ గడ్డం, ఆ కాషాయం, ఆ ఒక్క వెలుగు. వందలమంది కళ్ళు దాని మీదికి తిరిగాయి. ధూమ్రజటుడు ఇన్నేళ్ళలో ఎన్నో సేనలను చూశాడు గానీ, ఇలా నిప్పుకోసం ఓపిగ్గా ఎదురుచూసే జనాన్ని ఎన్నడూ చూసి ఉండడు.

తీగలవైపు ఒక అడుగు వేశాడు. అవి కదలలేదు. మంత్రం వేద్దామంటే రెండు చేతులూ కావాలి. కుడిచేతిలో దీపం. దీపాన్ని గాలి నుంచి కాపాడే ఎడంచేతి ముద్ర తీశాడంటే, ఏ చిరుగాలికైనా ఆ దీపం ఆరిపోతుంది. వశీకరణ, స్తంభన, మారణ విద్యలన్నీ వచ్చిన మనిషి, పాపం, ముక్కు దురదపెట్టినా గోక్కోలేని స్థితిలో ఉన్నాడు.

విభాతవర్మ గోనెమూట దించి, నాలుగడుగులు ముందుకు నడిచి, వెలగని దీపం పట్టుకుని అతని ఎదట నిలబడ్డాడు. ఆచారం ప్రకారం నోరు విప్పలేదు.

"వేరేవాళ్ళను చూసుకో నాయనా," అన్నాడు ముసలాయన మెత్తగా.

"వేరేవోళ్ళెవురున్నారు తాతా? నీదొక్కటే గదా మిగిలింది," అంది గంగులమ్మ.

"పెద్దవాణ్ణమ్మా. చెయ్యి వణుకుతుంది."

"అయితే మేం పట్టుకుంటాం, ఇలాగ తే."

ముసలాయన దీపం చప్పున వెనక్కి లాక్కున్నాడు. వెనకనుంచి గొణుగుళ్ళు లేచాయి. "నిప్పియ్యడానికి ఏడుపేటి?" "చంటిబిడ్డతో నిలబడినాను, కాళ్ళు పీకేస్తన్నాయి." "ఏ ఊరు తాతా మీది? అక్కడంతా ఇలాగేనా?"

అతను జనాన్ని చూశాడు, తీగలను చూశాడు, వంకరగా నవ్వి ప్రమిద వంచాడు.

"నీదెవరి పేరున?"

విభాతవర్మ ఈసారి పేరు దాచలేదు. "కుముదిని పేరున."

ముసలాయన కళ్ళల్లో ఒక పాము తల ఎత్తి దించింది. చెంగలవ గోనెమూటను కాలితో మెల్లగా యువరాజు దగ్గరికి నెట్టింది. అతను దాన్ని చూడలేదు. అతని చూపంతా ఆ శిఖ మీదే.

"నీదెవురి పేరున, అది సెప్పు తాతా," అంది గంగులమ్మ.

"మా అమ్మ భద్రాంబ పేరున."

ఒత్తి అంటుకోలేదు.

"తల్లి పేరు మరిసిపోనాడు," అని ఎవరో జాలిపడ్డారు.

"నా పేరునే అనుకో!"

ఒత్తి అంటుకోలేదు. కనుమంతా గొల్లుమంది. "నీ దీపం నువ్వే మోసుకుంటన్నావా? సిగ్గునేదూ?" "పెళ్ళాం కూడా నేదు గావాల!" "ఉంటే ఈపాటికి నేర్పేది."

నవ్వు ఆగింది. పిల్లలతో, ముసలివాళ్ళతో, చలిలో నిలబడ్డ జనం ఊరికే చూస్తున్నారు. ముసలాయన గడ్డం కింద దవడ కదిలింది.

"కుముదిని," అన్నాడు గొణుగుతూ.

"ఇనబళ్ళేదు!" అంది వెనకనుంచి చంటిబిడ్డ తల్లి.

"కుముదిని పేరున!"

ఒత్తి వెలిగింది. అంత మెత్తగా వెలిగే దీపాన్ని విభాతవర్మ రాజభవనంలో ఎన్నడూ చూడలేదు. పొర లోపలి నుంచి దాని వెచ్చదనం అతని వేళ్ళకు తగిలింది.

"ఇద్దరిదీ ఒకే పేరా!" ఆశ్చర్యపోయింది గంగులమ్మ. "మీకూ మీకూ ఏటి సుట్టరికం?"

"పిల్లనడిగాడు. మేం ఇవ్వం అన్నాం," అంది చెంగలవ తడుముకోకుండా. వెంటనే తన దీపం ముందుకు చాచింది. "నాదీ ఆ పిల్ల పేరునే. ఇలా ఇవ్వరా పోలిగా."

ఇచ్చాడు. చెంగలవ గంగులమ్మకిచ్చింది. "కుముదిని పేరున." గంగులమ్మ వెనకామెకు ఇచ్చింది. "కుముదిని పేరున, మా నీలాలు పేరున." ఆ వెనక మరొకరికి, ఆ వెనక ఇద్దరికి. కనుమలోంచి కొండ కిందికి పేర్లు జారుతూ పోయాయి. ఎవరి కొడుకుదో, ఎవరి అత్తదో, పురిట్లో ఉన్న కూతురిదో, కాలు విరిగి మంచాన పడ్డ మొగుడిదో, వాటన్నిటికీ ముందు మాత్రం వాళ్ళు ఎన్నడూ చూడని ఒక రాకుమారి పేరు. చీకట్లో కొండ మళ్ళీ వెలిగింది.

వెలుగుతున్నకొద్దీ ముసలాయన ప్రమిదలోని శిఖ సన్నబడింది. వేలెడంత ఉన్నది గోరంతైంది, గోరంత ఉన్నది ఆవగింజంతైంది. ప్రాణం వందల చోట్లకు పంచుకుపోయింది. ఆ గింజంత నిప్పు హోమంలో వేస్తే ఒక పూట ఆయుష్షైనా రాదు.

చివరి దీపం వెలిగినట్టుంది. తీగలు విడిపోయాయి.

ధూమ్రజటుడు వంగి, తన దీపాన్ని ఒక రాతి మీద పెట్టాడు. ఇక అతని రెండు చేతులూ ఖాళీ. విభాతవర్మ గోనెలోకి చెయ్యి పోనిచ్చి కత్తిపిడి పట్టుకున్నాడు. కానీ చుట్టూ ఇన్ని దీపాలు, ఇందరు జనం. మాంత్రికుడు మంత్రమూ వెయ్యలేదు. చీర అంచు నచ్చి, ఇంటికి వెళ్ళాక అలాంటిదే నేయించుకోవాలనుకున్న మనిషి చూసినట్టు, యువరాజు మొహాన్ని నుదుటి నుంచి గడ్డం దాకా తీరిగ్గా చూశాడు.

"ఒక్క దీపాన్ని ఇన్ని ఇళ్ళకు పంచావు కుమారా," అన్నాడు నెమ్మదిగా. "మళ్ళీ నువ్వైనా పోగుచేసుకోవాలి. లేకపోతే నేనైనా."

చప్పట్లు కొట్టాడు. కాషాయం పొగై, పొగ బండల మధ్య పొగమంచులో కలిసిపోయింది.

విభాతవర్మ రాతి మీది దీపం ఎత్తి, ఆ ఆవగింజ శిఖను తన దీపపు ఒత్తికి తాకించాడు. రెండూ కలిసి ఒకటై వీసమెత్తు పెరిగాయి. ఆ ప్రమిద ఆరింది, ఈ ప్రమిద నిండింది. అయితే పోగుచేయవచ్చన్నమాట!

"గంగులమ్మా, ఈ దీపాలన్నీ ఎక్కడికి వెళతాయి?"

"ఎవురింటికి ఆల్లు పట్టుకుపోతారు. పొయ్యి పక్కన గూట్లో పెడతారు. తెల్లారగానే పాలు పోసి సల్లారుస్తారు." 

"చల్లారుస్తారా?" చెంగలవ గొంతు సన్నగా లేచింది.

"ఏటేటా అంతే గదమ్మా."

విభాతవర్మ గంగులమ్మ చెయ్యి పట్టుకున్నాడు. వేషం సంగతి మరిచిపోయి, తానెవరో, ఎందుకొచ్చాడో, ఆ పేరు ఎవరిదో అంతా చెప్పేశాడు. గంగులమ్మ ఆసాంతం విని, యువరాజన్న మాట దగ్గర ఏమీ ఆశ్చర్యపోకుండా, చెల్లెలన్న మాట దగ్గర మాత్రం కొంగుతో కళ్ళొత్తుకుంది.

"అడిగితే ఇస్తారు బాబూ. ఇయ్యకపోడానికి అది మాది కాదు గదా. కానీ గుమ్మంలోకొచ్చినోడు ఓ ముద్దైనా తినాల. తిని, ఆ పేరు సెప్పాల. అప్పుడు దీపం కలిపిస్తారు."

"ఎన్ని ఇళ్ళుంటాయి?"

"లెక్కెట్టినోళ్ళు నేరు. నీకాకలెంత?"

జనం అప్పటికే కనుమ దాటి పోతున్నారు. అవతల కొండవాలు మీద బాట ఆకు ఈనెల్లా చీలిపోయింది. ఒక్కొక్క ఈనె వెంబడీ పది దీపాలు, ఇరవై దీపాలు, మలుపు మలుపుకీ విడిపోతూ, పల్లెపల్లెకూ దిగుతున్నాయి. చెల్లెలి ప్రాణం కళ్ళ ఎదటే కొండంతా చిమ్ముకుపోతుంటే విభాతవర్మకు అడుగు త్వరగా పడింది. శిఖ వెంటనే బెదిరి చిన్నదైంది. అతను ఆగిపోయాడు.

"పరిగెత్తకండి ప్రభూ. నడవండి," అంది చెంగలవ.

నడిచారు. గంగులమ్మ వాళ్ళను మొదటి పల్లెకు తీసుకుపోయింది. మొదటి గుమ్మం ఆమె తోడికోడలు కాసులమ్మది. ఇల్లు బాటకు దగ్గర కావడంతో వాళ్ళ దీపం ఎప్పుడో చేరి ఉంటుంది. లోపల పొయ్యి వెలుగుతోంది. నువ్వుల చిమ్మిలి వాసన వస్తోంది. కాసులమ్మ తడిచేతులతో బయటికొచ్చి, విభాతవర్మను చూసి నవ్వింది.

"మళ్ళీ వచ్చినావేటి బాబూ? ఏదైనా మరిసిపోనావా?"

గంగులమ్మ వెనక్కి తిరిగి విభాతవర్మను చూసింది.

"మళ్ళీ అంటావేటే? ఇప్పుడే గదా మేం వస్తన్నాం," అంది గంగులమ్మ.

"ఇందాకా వచ్చినాడు గదక్కా, ఒక్కడే. ఇంత మంచి పిల్లోణ్ణి నాను సూడనేదు. నోరారా అమ్మా అన్నాడు. రెండు సిమ్మిలుండలు తిన్నాడు. చెల్లెలు కుముదిని పేరున అన్నాడు. సేతిలో ఒట్టి ప్రమిదుంటే మా దీపం అందులో కలిపిచ్చేసినాను." అతని చేతిలోని దీపం చూసి కాసులమ్మ నవ్వు కొంచెం తగ్గింది. "అయినా నీదేటి, నానిచ్చినప్పుడు అంత పెద్దగా ఉంది, ఇప్పుడు ఇలాగైపోనాది?"

చెంగలవ తన దీపం పైకెత్తింది. "వాడు మీ మొహం వేసుకొచ్చాడు. మీరు కింది పల్లెలకు వెళ్ళండి ప్రభూ. నేను, గంగులమ్మ పై పల్లెలకు పోతాం. మీ మొహంతో ఎవరొచ్చి అడిగినా, మేం వెంట లేకపోతే ఇవ్వొద్దని చెబుతాం."

"మరి నన్నూ నమ్మరు కదా," అన్నాడు విభాతవర్మ.

"నమ్మరు. మీరు బతిమాలుకోవాలి. అది కూడా ఎప్పుడూ చేసి ఉండరు," అంది చెంగలవ.

చిన్న లోయకు అవతల, ఎదుటి వాలు మీద, ఒక దీపం ఒక గుమ్మంలోంచి బయటికి వచ్చింది. తక్కిన దీపాలన్నీ ఇళ్ళలోకి వెళుతుంటే అదొక్కటే బయటికొచ్చి పక్కింటి వైపు నడిచింది. ఇటునుంచి చూసినా తెలుస్తోంది, మిగతావాటికంటే పెద్దది. అది పరిగెత్తడం లేదు. పరిగెత్తితే దానికీ ముప్పే. ఎవరికీ తొందరలేని చుట్టంలా, ఒక్కొక్క అడుగే వేస్తూ పోతోంది.

విభాతవర్మ అరచెయ్యి అడ్డం పెట్టి తన శిఖను కాపాడుకుంటూ లోయలోకి దిగే బాట పట్టాడు. నడక కంటే వేగంగా, పరుగు కంటే నెమ్మదిగా, కాళ్ళు పీకుతున్నా ఆ రెంటి మధ్యే పట్టుకుని నడిచాడు. ఎదుటి వాలు మీద పక్కింటి తలుపు తెరుచుకుంది. లోపలి పొయ్యి వెలుగులో ఆ వచ్చినవాడు నిలబడి దీపంతోనే రెండు చేతులూ జోడించాడు. గుమ్మం ఎత్తు తక్కువ. విభాతవర్మ చూస్తుండగానే, అతని మొహమే వినయంగా తల వంచి లోపలికి వెళ్ళింది.